ఓయాకు అర్పించిన శిరస్సు

మిట్టమధ్యాహ్నం... నీడలు మనుషుల పాదాల కిందికి ముడుచుకుపోయే వేళ.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అనే ఆ దీవి నగరం మీద ఆకాశం కాటుకలా నల్లబడింది. ఉత్తరాన కొండల వెనుక మేఘాలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటూ గర్జిస్తున్నాయి. సముద్రం మీది గాలి ఉన్నట్టుండి స్తంభించింది... పాత శ్మశానవాటిక ప్రహరీ మీద ఒక గుడ్లగూబ పట్టపగలే వాలి, దీర్ఘంగా కూసింది. ఆ నగరంలో దాన్ని ప్రేతపక్షి అంటారు. అది కూసిన చోట ఒక ప్రాణం పోక తప్పదంటారు.

ఆ ప్రాణం ఎవరిదో వెర్లీనాకు ఇంకా తెలియదు.

వెర్లీనా బాప్టిస్ట్ ఓడల్లో వచ్చే యాత్రికులకు ఊరు చూపించి బతికే మనిషి. యాభై దాటింది. ఆ రోజు ఆమె వెంట ఉన్నది ఆగ్నెటా అనే స్వీడన్ యువతి. పెళ్లి తప్పిపోయి, ఇద్దరి కోసం తీసుకున్న ఓడ ప్రయాణానికి ఒక్కతే బయల్దేరిన పిల్ల. సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కాలి. పొద్దుటినుంచి సవానా మైదానం చుట్టూ తిరిగింది, కనిపించిన ప్రతి చెట్టు పేరూ అడిగింది, చివరికి శనగల కూర పెట్టిన డబుల్స్ అనే రొట్టెలు అమ్మే బండి దగ్గర ఆగింది.

"కారం ఎంత వెయ్యమంటావు చెల్లెమ్మా?" అన్నాడు బండివాడు.

"బాగా వెయ్యండి."

"ఆంటీ, ఈవిణ్ణి ఓడ దాకా నడిపిస్తావా, మోసుకెళ్తావా? ముందే చెప్పు, నేనూ ఒక చెయ్యి వేస్తాను."

ఆగ్నెటా తిన్నది. కళ్లు, ముక్కు కారాయి. ఏడుస్తూనే నవ్వింది. వెర్లీనా కూడా నవ్వబోయి, ముఖం తిప్పుకుని బండివాడికి డబ్బులిచ్చింది. ఎందుకంటే ఈ పిల్లను ఆమె ఎక్కడికి తీసుకెళుతోందో ఆమెకు తెలుసు.

"పాత సమాధులు చూస్తావా? రెండొందల ఏళ్ల నాటివి ఉన్నాయి," అంది.

"చూద్దాం, పదండి," అంది ఆగ్నెటా ఉత్సాహంగా.

శ్మశానం లోపల ఒక సమాధి పక్కన సిప్రియన్ లెజామా ఎదురుచూస్తున్నాడు.

తెల్ల సూటు, బంగారు పన్ను, ఎండిన చెరుకుగడలాంటి శరీరం. ఊళ్లో అందరూ అతన్ని డాక్టరనే పిలుస్తారు. అతను చదివింది వైద్యం కాదు, క్షుద్రవిద్య. వెర్లీనా చెల్లెలు ఒట్టిలీని పెళ్లాడతానని వెంటపడ్డాడు. ఆమె నలుగురిలో ఛీకొట్టింది. ఆమె తలవెంట్రుకలు సంపాదించి ఏం పాతాడో, ఎక్కడ పాతాడో... నిండు యవ్వనంలో ఉన్న ఆ పిల్ల మంచం పట్టి, కట్టెలా ఎండి, రక్తం కక్కుకుని చచ్చిపోయింది. అంతటితోనూ వదల్లేదు. గోరీ తవ్వి ఆమె కపాలాన్ని ఎత్తుకుపోయాడు. ఎర్రదారంతో బంధించి, ఇనుప కుండలో పెట్టి, ఇంటి చీకటి గదిలో దాచాడు. ఆమె ఆత్మ అందులోనే చిక్కుకుపోయింది.

"ఒంటరి ఆడదాన్ని, వెతికే దిక్కులేనిదాన్ని తీసుకురా. నీ చెల్లెల్ని దాని ఒంట్లోకి దింపుతాను. నీకు తోబుట్టువు, నాకు పెళ్లాం," అని ఏళ్ల తరబడి వెర్లీనాను వేధించాడు. ఆమె ఒప్పుకోలేదు. ఈ వర్షాకాలంలో మాత్రం తానే వెళ్లి తలుపు తట్టింది. "తెస్తాను. కాని ఆ క్రతువు చెల్లెలి ఎముకలున్న చోటే జరగాలి. ఎముకలు లేనిచోట తల నోరు విప్పదు," అని అతన్ని నమ్మించింది.

అక్కచెల్లెళ్ల మమకారం తనకు లొంగిందనుకున్నాడు లెజామా. పసిదానిగా ఉన్నప్పుడే ఒట్టిలీ తలను తల్లి రహస్యంగా ఒక దేవతకు అర్పించిందని అతనికి తెలియదు. గాలివానలకూ, శ్మశాన ద్వారాలకూ అధిదేవత అయిన ఓయాకు! అలా అర్పించిన తల బతికినా చచ్చినా ఆ దేవతదే.

"ఈమె కోసం ఎవరూ రారుగా?" అన్నాడు లెజామా గొంతు తగ్గించి, అటు తిరిగి సమాధి మీది రాత చదువుతున్న ఆగ్నెటాను ఎగాదిగా చూస్తూ.

"ఎవరూ లేరు, డాక్టరుగారూ."

"మంచి పొడగరి. ఒట్టిలీ రంగు కాదు గాని, పర్లేదు, అలవాటు పడతాను."

"ఎవరితను?" అని ఆగ్నెటా వెనక్కి తిరిగేలోపే అతను అరచేతిలోని చూర్ణం ఆమె ముఖం మీదికి ఊదాడు. ఆమె ఒట్టిలీ సమాధి మీద కూలబడింది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి... చూపు లేదు.

బొగ్గుతో చుట్టూ వలయం గీశాడు. రమ్ము చిలకరించాడు. వెంట తెచ్చిన ఇనుప కుండ మూత తీసి కపాలాన్ని బయటికి తీశాడు. గొంతు లోలోపలినుంచి వికృతమైన మంత్రం సాగింది. ఆకాశం చీలినట్టు ఉరిమింది... ఆగ్నెటా శరీరం విల్లులా వంగింది. పెదవులు కదిలాయి. వచ్చిన గొంతు ఆమెది కాదు.

"అక్కా... చలేస్తోంది. వీడు నన్ను చూస్తున్నాడు అక్కా."

వెర్లీనా గుర్తుపట్టింది. అదే గొంతు... మంచంలోంచి రోజూ తనను పిలిచిన గొంతు.

లెజామా పగలబడి నవ్వాడు. "లే. నా కాళ్ల దగ్గర కూర్చో. ఆ రోజు బజార్లో ఏమన్నావు? అద్దంలో మొహం చూసుకున్నావా అన్నావు కదూ? ఇప్పుడు మొగుడా అను."

కపాలం చుట్టూ ఎర్రదారం బిగిసింది. ఆ శరీరం తన ఇష్టం లేకుండానే పాకుతూ అతని పాదాల వైపు కదిలింది.

వెర్లీనా నోరు తెరిచింది. చెల్లెలు పోయిన రోజునే దేవతలందరి మీదా కోపంతో ఆరాధన మానేసిన మనిషి. ఓయా తన పిలుపు వింటుందో లేదో! తల్లి పాడే ఆవాహన గీతం ఎత్తుకుంది. మొదటి చరణానికి ఆకు కూడా కదల్లేదు.

"ఏం పాడుతున్నావే?" అన్నాడు లెజామా. అంతలోనే అతని ముఖం పాలిపోయింది. "ఆపు. ఈ తల... ఎవరికిచ్చారు ఈ తలని?"

"చీకటి గదిలో ఉన్నంతకాలం నీదే. ఆకాశం కిందికి నీ చేతులతో నువ్వే తెచ్చావు."

గాలి లేచింది.

అది గాలి కాదు, ఆగ్రహం! శ్మశానంలోని ఎండుటాకులన్నీ సుడులు తిరుగుతూ పైకి లేచాయి. ఇనుప ద్వారాలు ఫెళ్లున తెరుచుకున్నాయి. పాకుతున్న ఆ శరీరం ఆగింది... నిటారుగా లేచి నిలబడింది. కళ్లలో మెరుపులు. అది ఆగ్నెటా కాదు, ఒట్టిలీ కూడా కాదు.

"నా గుమ్మంలోకి నా తలనే కట్టి తెచ్చావా?"

ఎర్రదారం కాలి మసైంది. లెజామా మంత్రం చదవబోయాడు, నాలుక తిరగలేదు. పరుగెత్తబోయాడు, తాను గీసిన వలయమే అతన్ని బంధించింది. అతను చంపిన వాళ్లెవరో, ఎందరో... నేల కిందినుంచి ఆడవాళ్ల రోదనలు వినిపించాయి.

"వెర్లీనా... ఆపమని చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను."

వెర్లీనా కదల్లేదు. "ఒట్టిలీ కూడా బతిమాలింది. ఆపమని రోజూ బతిమాలింది. నేను నీ గుమ్మంలో పడి ఏడ్చాను. నువ్వు లోపల భోంచేస్తున్నావు."

ఆ దివ్యహస్తం అతని వైపు లేచింది. కళ్లు చెదిరే పిడుగు! చెవులు గింగురుమనే నిశ్శబ్దం...

వెర్లీనా కళ్లు తెరిచేసరికి తెల్ల సూటు మాత్రం నిలువునా నిలబడి ఉంది. లోపల మనిషి లేడు. మరుక్షణం అది కుప్పకూలింది. గుప్పెడు బూడిద అప్పుడే మొదలైన వాన నీటిలో కలిసిపోయింది.

ఓయా వెళ్లిపోయింది. అయినా ఆ శరీరం ఇంకా కళ్లు తెరిచే ఉంది. మెల్లగా తన చేతులు చూసుకుంది. ముఖం మీద పడుతున్న చినుకుల్ని తడుముకుంది.

"అక్కా... వాన వెచ్చగా ఉంది. నాలుక మీద ఇంకా కారం ఉంది." ఒట్టిలీ గొంతు. "ఉండిపోనా అక్కా? ఎవరికి తెలుస్తుంది?"

వెర్లీనా ఆమెను గుండెలకు హత్తుకుంది. ఆ క్షణంలో అవునని అనకుండా ఉండడానికి తన పెదవిని తానే రక్తం వచ్చేలా కొరుక్కుంది.

"ఈ పిల్ల ఓడ ఎక్కాలమ్మా," అంది చివరికి.

చేతుల్లోని శరీరం పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి, బరువుగా వాలిపోయింది. వెర్లీనా కపాలాన్ని సమాధి పగుల్లోంచి లోపలికి దించి, చేతులతోనే మట్టి కప్పింది. అప్పుడు ఆగ్నెటా బుగ్గలు తట్టి లేపింది.

"పడిపోయానా?" అంది ఆగ్నెటా అయోమయంగా. "ఏం జరిగింది?"

"పిడుగు పడింది. నిన్ను ఇక్కడికి తీసుకురాకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు."

రేవు దాకా ఇద్దరూ ఒకే గొడుగు కింద తడుస్తూ నడిచారు. ఓడ మెట్ల దగ్గర ఆగ్నెటా ఆగింది.

"ఇందాక ఎవరో నన్ను పట్టుకుని ఏడుస్తున్నట్టు కల వచ్చింది. మీకు చెల్లెలుందా?"

"ఉండేది."

"ఏమైంది?"

వెర్లీనా గొడుగు ఆమె చేతికిచ్చి, వానలో ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇవాళే వెళ్లిపోయింది."