శిఖరం మీది పుస్తకం

బస్సు దిగుతూనే నేజా అడిగిన మొదటి మాట, "ఓస్త్రి కొండ ఎక్కేది ఏ రోజు?"

పిల్లల సంచులు దించుతున్న యెర్నేయ్ తల తిప్పాడు. బడిపిల్లల క్యాంప్‌లో కొండలెక్కడం నేర్పేది అతనే. నిరుడు కూడా ఆరో తరగతిని తీసుకుని వచ్చింది ఈ లెక్కల టీచరు నేజాయే.

"గురువారం, వాన లేకపోతే. మీ కోసం టీ ఫ్లాస్కు సిద్ధంగా ఉంచుతాం మేడమ్."

వెనకున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. నేజా చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ ఫ్లాస్కు మీరే మోసుకోండి. నేను పైకొస్తున్నాను."

నిరుడు శిఖరానికి కాస్త కింద, ఇనుప తాడు పట్టుకుని ఎక్కాల్సిన బండ దగ్గర ఆమె కాళ్ళు మొరాయించాయి. అందరి ముందూ యెర్నేయ్, "మీరు ఇక్కడే ఉండండి, టీ చూసుకోండి" అనేశాడు. ఇరవై నలుగురు పిల్లలు పైకెళ్ళి వచ్చేదాకా ఆమె ఫ్లాస్కు పక్కన ఇంకో ఫ్లాస్కులా కూర్చుంది.

ఏడాది పొడుగునా ఆ మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. క్రాన్‌లో, తన ఊళ్ళో, ప్రతి మంగళవారం బడి అయిపోగానే ఎక్కడం నేర్పే గోడ దగ్గరికి పోయేది. మొదటి నెలంతా మూడడుగుల ఎత్తులోనే బల్లిలా అతుక్కుపోయింది. ఏడేళ్ళ పిల్లలు ఆమెను దాటుకుంటూ పైకి పోయేవాళ్ళు. అయినా మానలేదు.

క్యాంప్‌లో మంగళవారం వాన. హాల్లో కూర్చోబెట్టి యెర్నేయ్ ముడులు వేయడం నేర్పాడు. నేజా దగ్గరికొచ్చి, "ఇలా ఇవ్వండి, నేను చూపిస్తా..." అంటూ ఆగిపోయాడు. ఆమె ముడి ఒక్క వంక లేకుండా బిగిసి ఉంది.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"టీ చూసుకుంటూ."

బుధవారం ఇంకా పెద్ద వాన. శుక్రవారం తిరుగు బస్సు. రేపు కూడా ఇలాగే కురిస్తే ఇంకో ఏడాది ఆగాలి. నేజా వరండాలో నిలబడి మబ్బుల్ని ఉరిమి చూస్తోంది.

"అంత కోపంగా చూడకండి. వాన భయపడుతుంది," అన్నాడు యెర్నేయ్, పక్కకొచ్చి నిలబడి.

"భయపడాలనే."

భయపడిందో ఏమో, గురువారం తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

మధ్యాహ్నానికల్లా బండ దగ్గరికి చేరారు. పిల్లలు ఒక్కొక్కరే, మిగతా మాస్టర్ల వెంట, తాడుకు కొక్కెం తగిలించుకుని ఎక్కేశారు. చివరికి నేజా, ఆమె వెనక యెర్నేయ్ మిగిలారు. నాలుగడుగులు పైకి వెళ్ళాక ఆమె తాడును రెండు చేతులా పట్టుకుని ఆగిపోయింది.

"దిగుదామా?" అన్నాడతను మెల్లగా. "తప్పేం లేదు."

"ఇంకోసారి ఆ మాటన్నారంటే ఫ్లాస్కు మీ నెత్తిన బోర్లిస్తాను."

పైనుంచి తింకారా అరిచింది. క్లాసులో అందరికంటే పెద్ద నోరు ఆ పిల్లదే. "టీచర్! తొందరేం లేదు! ఒక్కో మెట్టూ సరిగ్గా వేస్తే జవాబు దానంతటదే వస్తుంది!"

రోజూ బోర్డు దగ్గర నేజా చెప్పే మాటే అది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కుడికాలు పైకి వేసింది. తర్వాత ఎడమకాలు. తర్వాత పైన ఇంకేం లేదు, గాలి తప్ప.

శిఖరం మీద ఇనుప పెట్టె ఉంది. అందులో ఒక పుస్తకం, రబ్బరు ముద్ర. ఎక్కినవాళ్ళు పేరు, ఎక్కణ్ణుంచి వచ్చిందీ, ఇక ఎక్కడికి పోయేదీ రాయాలి. నిరుడొచ్చిన తన అక్క పేరు వెతకాలని తింకారా పేజీలు వెనక్కి తిప్పింది.

"దొరికింది! దాని కిందే మన మాస్టారు రాశారు. 'యెర్నేయ్. ఇరవై నలుగురు పిల్లలతో వచ్చాను. ఎవరు పైకి రావాలని కోరుకున్నానో ఆమె కింద టీ దగ్గర ఉంది. నేనే కూర్చోబెట్టాను, వెధవని.'"

"తింకారా, ఆ పుస్తకం ఇటివ్వు," అన్నాడు యెర్నేయ్.

ఇస్తుందా? రెండు పేజీలు ముందుకు దూకింది. "'యెర్నేయ్. ఒక్కణ్ణే. తొలి మంచు పడింది. రేపు క్రాన్‌కి ఫోన్ చేస్తాను.' ఇదిగో, ఈ వసంతంలోది! 'యెర్నేయ్. చేయలేదు. ఆమె భయపడింది కొండకి. నేను ఫోన్‌కే భయపడ్డాను.'"

పిల్లల గోలకి పక్క కొండ కూడా బదులు పలికింది. యెర్నేయ్ హెల్మెట్ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"మరి బస్సు దగ్గర ఆ ఫ్లాస్కు మాటేమిటి?" అంది నేజా.

"మీతో మాట్లాడ్డానికి ఇంకో మాట దొరకలేదు."

"ఏడాది టైమిచ్చినా?"

"నిరుడు మీ పెదాలు తెల్లగా పాలిపోయాయి. చూసి భయమేసింది. మర్యాదగా చెప్పడం చేతకాలేదు."

నేజా పెన్ను అందుకుంది. పేరు రాసింది. ఎక్కణ్ణుంచి? 'టీ దగ్గర్నుంచి.' ఎక్కడికి?  ఆ గడిలో గట్టిగా నొక్కి రాసింది: 'ఆదివారం, మా అమ్మ సూప్‌కి.'

ఆదివారం సూప్‌కి అమ్మ దగ్గరికి ఊరికే ఎవర్నీ తీసుకుపోరు. ఆ సంగతి పన్నెండేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. 

ఆమె పెన్ను అతని ముందుకు చాపింది. "ఇది ఫోన్ కాదు. భయపడకు."

తొలిసారి నువ్వు అన్న ఆ పిలుపుకి యెర్నేయ్ హెల్మెట్ పైకి నెట్టి పెన్ను అందుకున్నాడు. రాశాడు. ఎక్కణ్ణుంచి? 'ఏడాదిగా ఇక్కడే.' ఎక్కడికి? 'పై వరుసలో ఉన్న చోటికే.'

తింకారా ముద్ర తీసి నోటితో ఆవిరి ఊది, రెండు వరుసల మీదా కలిపి ఒక్కటే గుద్దింది.