మంచు దేశానికి మాల్యాద్రి పైపులు

ఆ శనివారం కొళాయి వచ్చే రోజు. మార్కాపురంలో ఆ వీధంతా పెందలాడే లేచింది. సుబ్బులు పదకొండు బిందెలు పట్టింది. డ్రమ్ము నింపింది. చెంబులు, గిన్నెలు అయిపోయాక ప్రెషర్ కుక్కరు కూడా నింపి మూత పెట్టింది. మళ్ళీ కొళాయి ఎప్పుడు వస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. అందుకే నీళ్ళు ఆగిపోయాక కూడా పైపు కొసన వేలాడుతున్న చుక్కలను వేలితో చెంబులోకి తోసింది.

నడుము పట్టుకొని లేచేసరికి వీధిలో దబదబా నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది.

"ఓ సాహితీ! ఏంది ఆ సప్పుడు? ఎవరి నీళ్ళు పోతున్నాయి?"

"మనవేనమ్మా. నేనే వదిలినాను."

సుబ్బులు చెంబు కింద పెట్టి బయటికి పరుగెత్తింది.

ఇంటి ముందు తెల్లటి వ్యాను నిలబడి ఉంది. ఒకప్పుడు అది బడి పిల్లలను మోసేది. రెండేళ్ళు సాహితే దాన్ని నడిపింది. బడివాళ్ళు దాన్ని అమ్మేస్తామంటే తనే కొనుక్కుంది. ఎనిమిది నెలలు కష్టపడి దాన్ని ఇల్లు చేసింది. లోపల రెండు మంచాలు, చిన్న వంటగట్టు, స్నానాల గది, వేడినీళ్ళ గీజరు, వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు. పైపుల పని మాత్రం తండ్రి మాల్యాద్రి చేశాడు. ఊళ్ళో నలభై ఏళ్ళుగా ప్లంబరు ఆయన.

సోమవారం తెల్లవారుజామున బయలుదేరాలి. హైదరాబాదు, ఢిల్లీ మీదుగా మనాలికి. తల్లీకూతుళ్ళు ఇద్దరే. సుబ్బులు పుట్టి బుద్ధెరిగి మంచు చూడలేదు. ఈ ప్రయాణం క్షేమంగా జరిగితే జనవరిలో గిద్దలూరు హరికృష్ణగారి కుటుంబం బండిని బాడుగకు తీసుకుంటుంది. సాహితికి అది మొదటి గిరాకీ. నెల రోజులుగా ఆ పిల్ల కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఇప్పుడు ఆ పిల్ల బండి కింద వెల్లకిలా పడుకొని ఉంది. నీళ్ళు వదిలేందుకు ట్యాంకు అడుగున పెట్టిన కాక్ తిప్పి వదిలేసింది. నీళ్ళు రోడ్డు మీద వాగులా పారుతున్నాయి.

"నీకేమన్నా పిచ్చా? కొళాయి ఆగి పావుగంట కాలేదు! కట్టెయ్యి!"

"అమ్మా, ఇది ప్రాక్టీసు. అక్కడ రాత్రిపూట సున్నా కంటే కిందికి పోతది చలి. పడుకునే ముందు ట్యాంకులో, గీజరులో, పైపుల్లో ఒక్క చుక్క ఉండకూడదు. ఉంటే గడ్డకడతది. గడ్డకడితే పైపు పగులుతది."

"రోజూ రాత్రి వంద లీటర్లు నేలపాలు చేస్తావా? రోజూనా?"

"రోజూనే."

సుబ్బులు లోపలికి వెళ్ళి రెండు బిందెలు తెచ్చి కాక్ కింద పెట్టింది. అంతలో పక్కింటి మగ్దలీనమ్మ బకెట్టుతో వచ్చింది. ఎదురింటివాళ్ళు టబ్బు తెచ్చారు.

"ఏం వదినా, మీ పిల్ల మున్సిపాలిటీ పెట్టిందా?" మగ్దలీనమ్మ నవ్వింది.

"నవ్వు, నవ్వు. పొదిలి నుంచి కాపరానికొచ్చిన కొత్తలో బోరింగు కాడ నా వంతు కోసం రాత్రంతా కూర్చున్నదాన్ని నేను. ఈమె చూడు, ఎట్ల పారబోస్తందో! నీళ్ళు పారబోసే బండి నేను ఎక్కనంటే ఎక్కను. నువ్వొక్కదానివే పో!"

సాహితి బండి కింది నుంచి బయటికి వచ్చింది. మొహం ఎర్రబడింది. తల్లి రాకపోతే తండ్రి ఒంటరిగా పంపడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మాల్యాద్రి అరుగు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏ పైపు పగులుతది?" అన్నాడు.

"మన బండిలోదే నాయనా."

"నేను వేసిందేనా?"

"ఎవరు వేసినా అంతే నాయనా. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి."

"చలికి ఏదైనా ముడుచుకుంటది. ఉబ్బదు. నలభై ఏళ్ళల్లో నేను పెట్టిన జాయింటు ఒక్కటి కారలేదు. ఊళ్ళో ఎవర్నన్నా అడుగు."

సాహితికి విసుగు వచ్చింది. "నీకు మన ఊరి నీళ్ళే తెలుసు నాయనా. అక్కడి నీళ్ళు నీకు తెల్వవు."

మగ్దలీనమ్మ ఎత్తబోయిన బకెట్టు కింద పెట్టేసింది. మాల్యాద్రి లేచి వచ్చి కూతురి ముందు చెయ్యి చాచాడు.

"తాళాలియ్యి."

"నాయనా..."

"సోమవారం ప్రయాణం లేదు. నా పైపు మీద నమ్మకం లేనోళ్ళు నా పైపు ఉన్న బండి నడపాల్సిన పన్లేదు."

సాహితి తాళాలు ఇచ్చేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఏడవలేదు. ఒక్క క్షణం బండి వైపు చూసింది. హఠాత్తుగా ఆమె మొహం మారింది.

"సరే. పందెం నాయనా! మన ఊళ్ళో మంచు లేకపోతే ఏంది, ఐస్ ఫ్యాక్టరీ ఉంది గదా. అబ్రహాము చిన్నాయన దగ్గరికి పోదాం పద. నీ పైపును అక్కడ ముంచుదాం. పగిలితే తాళాలు ఇచ్చెయ్యి. పగలకపోతే నేను ప్రయాణం మానుకుంటా. ఇంక నోరెత్తను."

మాల్యాద్రి కొంచెం ఆలోచించాడు. "పగలదు" అన్నాడు. స్పానర్లు తీసుకున్నాడు.

బండిలో నీళ్ళు పూర్తిగా పోయాయి. కాక్ నుంచి చుక్క కూడా రావడం లేదు. సాహితి స్నానాల గదిలో నుంచి ఒక పైపు ముక్కను కొళాయితో సహా విప్పించింది. అది ఖాళీ చేసిన పైపు. వంటగట్టు కింది నుంచి అలాంటిదే ఇంకొకటి విప్పించింది. దాన్ని అక్కడ నీళ్ళతో నింపి ముంచుతుంది. నిండుది పగలాలి, ఖాళీది నిలవాలి. అదీ ఆమె లెక్క.

సుబ్బులు కూడా ఆటో ఎక్కింది. "నేను రాకుంటే మీరిద్దరూ ఆడ కొట్టుకుంటారు."

ఐస్ ఫ్యాక్టరీ నడిపే అబ్రహాము విషయం విని పొట్ట పట్టుకొని నవ్వాడు. "యాభై ఏళ్ళొచ్చినాయి నాకు. చేపలకు ఐస్ అడిగినారు, పెళ్ళిళ్ళకు అడిగినారు. పైపుకు చలిజరం తెప్పియ్యమని ఎవరూ అడగలేదు మాల్యాద్రన్నా!"

నేలలో పెద్ద తొట్టి ఉంది. దాని మీద చెక్క మూతలు. ఒక మూత ఎత్తగానే తెల్లటి ఆవిరి పైకి లేచింది. లోపల ఉప్పు నీళ్ళు చల్లగా కదులుతున్నాయి. వాటిలో వరసగా రేకు డబ్బాలు దిగి ఉన్నాయి. ఆ డబ్బాల్లో మంచినీళ్ళు గడ్డకడుతున్నాయి.

"ఇదేంది అబ్రహామూ, డబ్బాలో నీళ్ళు గడ్డకట్టి చుట్టూ ఉన్నవి కట్టలేదేంది?" సుబ్బులు అడిగింది.

"ఉప్పు వదినా. బాగా ఉప్పు పడితే ఈ చలికి గడ్డకట్టవు. మంచినీళ్ళ డబ్బా మాత్రం నేను నిండా నింపను. నాలుగు వేళ్ళు వెలితి పెడతా. గడ్డ పైకి ఉబ్బుతది గదా."

సాహితి తండ్రి వైపు చూసింది. మాల్యాద్రి గోడ వైపు చూశాడు.

వంటగట్టు పైపును నీళ్ళతో నింపి కొసలు బిగించి, రెండు ముక్కలనూ తాడు కట్టి ఉప్పు నీళ్ళలోకి దించారు. రెండు గంటలు ఆగమన్నాడు అబ్రహాము.

సుబ్బులుకు ఒకచోట కాలు నిలవలేదు. ఐస్ గడ్డ మీద చెంప ఆనించింది. విరిగిపడిన ముక్కను కొంగుతో తుడిచి నోట్లో వేసుకుంది. పళ్ళు జివ్వుమన్నాయి.

"అమ్మో! ఆడ కొండంతా ఇట్లనే ఉంటదా సాహితీ?"

"మెత్తగా ఉంటదంటమ్మా. కాలేస్తే దిగబడతదంట. పైనుంచి దూదిలాగ రాలతదంట."

"రాలేటప్పుడు సప్పుడొస్తదా?"

"రాదంట."

"నువ్వు ఎక్కనన్నావు గదా వదినా?" అబ్రహాము అడిగాడు.

"అడిగితే తప్పేంది?" అంది సుబ్బులు.

సాహితి నవ్వు ఆపుకుంది. మాల్యాద్రి మాత్రం బోర్లించిన డబ్బా మీద కూర్చొని తొట్టి వైపే చూస్తున్నాడు. బీడీ వెలిగించడం కూడా మరిచిపోయాడు.

రెండు గంటలు అయ్యాక తాడు పైకి లాగారు. ముందు నిండు పైపు వచ్చింది. మాల్యాద్రి దాన్ని అందుకొని జాయింటు తడిమాడు. వేలితో గట్టిగా నొక్కాడు. మొహం వికసించింది.

"జాయింటు చూడు! జరిగిందా? వెంట్రుకవాసి జరగలేదు!"

"జాయింటు కాదు నాయనా, పక్కన చూడు."

జాయింటుకు జానెడు దూరంలో పైపు నిలువునా చీలి ఉంది. చీలికలో నుంచి ఐస్ తెల్లటి పెదవిలాగా బయటికి వచ్చింది. మాల్యాద్రి ఆ పైపును చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"నీళ్ళు ఇంత పని చేస్తాయా!" సుబ్బులు నోటి మీద చెయ్యి వేసుకుంది.

"గెలిచినాను! సోమవారం పోతున్నాం!" సాహితి గంతు వేసింది. రెండో తాడు తనే లాగింది. "ఇది ఖాళీది. దీనికేం కాదు, చూడండి..."

ఖాళీ పైపు కూడా చీలిపోయి ఉంది. మొదటిదాని కంటే పెద్ద చీలిక.

"ఇదెట్ల? నేను మొత్తం వదిలినాను గదా. చుక్క కూడా రాలేదు గదా!"

మాల్యాద్రి ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. ఒక కొసన కొళాయి. ఇంకో కొసన ఇత్తడి వాల్వు. నీళ్ళను ముందుకు పోనిచ్చి వెనక్కి రానియ్యని వాల్వు అది. ఆయన బొటనవేలితో దాన్ని తడిమాడు.

"నేనే" అన్నాడు.

"ఏంది నాయనా?"

"వాల్వు నేనే వేసినాను. ప్రతి కొళాయి కింద ఒకటి వేసినాను. మన ఊళ్ళో ప్రతి ఇంటికీ అట్లనే వేస్తా. ఎప్పుడో ఒకసారి వచ్చే నీళ్ళు. ఎక్కినవి మళ్ళీ వెనక్కి పోగూడదని. నువ్వు కింద కాక్ ఎన్నిసార్లు తిప్పినా ఇందులోవి దిగవు. ఇటు దిగనియ్యదు ఇది. అటు కొళాయి కట్టేసి ఉంది."

సాహితి మొహం పాలిపోయింది. సోమవారం బయలుదేరితే ఏమయ్యేదో ఇప్పుడు అర్థమైంది. కాక్ తిప్పి, అంతా ఖాళీ అయిందని నమ్మి పడుకునేవాళ్ళు. రాత్రికి రాత్రి బండిలోని ప్రతి పైపూ చీలిపోయేది. తెలియని కొండల మీద, ఆ చలిలో, తల్లి పక్కన ఉండగా.

మాల్యాద్రి కండువాతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన ఏడవడం సుబ్బులు చూడలేదు. దగ్గరికి వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది.

"ఏమయ్యా, ఊరుకో. ఏమన్నా అయ్యిందా ఇప్పుడు? కాలేదు గదా."

"నలభై ఏళ్ళు నీళ్ళు పోనియ్యకుండా ఎట్ల చెయ్యాలో అదే నేర్చుకున్నా సుబ్బులూ. పోనిచ్చే పని నాకు రాదు." కండువా తీసి కూతురి వైపు చూశాడు. "నువ్వు పొద్దున చెప్పింది నిజమే తల్లీ. ఆడి నీళ్ళు నాకు తెల్వవు. నువ్వు నేర్పు."

సాహితి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "నేనట్ల అనుండకూడదు నాయనా. నేను మాత్రం చూసినానా? ఎనిమిది నెలలు నీ పక్కనే ఉండి స్పానర్లు అందించినా. ఈ వాల్వు ఎందుకని ఒక్కసారి అడిగినానా? కాక్ తిప్పితే అయిపోతదనుకున్నా."

అబ్రహాము గట్టిగా ముక్కు చీదాడు. "ఏడిస్తే పైపులు మారవు. టైము లేదు. లెయ్యండి!"

ఆ మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దు గూకే దాకా ఆ వీధిలో పండగ వాతావరణం. మాల్యాద్రి ప్రతి వాల్వూ విప్పేశాడు. పైపులన్నీ ఒకే వైపు వాలేటట్టు కొత్తగా వేశాడు. అన్నిటికంటే కింద, గీజరుకు ఒకటి, పైపులకు ఒకటి, కాక్‌లు పెట్టాడు. సాహితి ఫోనులో చదివి చెబుతుంటే, "ఇంకోసారి చదువు" అంటూ చేశాడు. ఏసీ మెకానిక్కు దగ్గర నల్లటి స్పాంజి గొట్టాలు తెచ్చి పైపులకు తొడిగారు. పంచరు షాపువాడు కంప్రెసరు తెచ్చి గాలి కొట్టాడు. పైపు మూలల్లో దాక్కున్న నీళ్ళు బుస్సుమని బయటికి చిమ్మి అతని చొక్కా తడిపేశాయి. వీధంతా చప్పట్లు కొట్టింది. అబ్రహాము ఉప్పు మూట పంపాడు. సింకు కింది వంపులో నీళ్ళు ఎప్పుడూ నిలుస్తాయి, రాత్రిపూట అందులో చిక్కటి ఉప్పు నీళ్ళు పొయ్యమని చెప్పి పంపాడు.

నీళ్ళ సంగతి సుబ్బులు తేల్చింది. ఐదు క్యాన్లు తెచ్చి బండిలో పెట్టింది.

"రోడ్డు మీద పోసేదేంది? రాత్రి కాక్ కింద క్యాను పెట్టు. నాలుగు వేళ్ళు వెలితి ఉంచి పట్టు. మంచం కింద పెట్టి రగ్గు కప్పుదాం. మనం పడుకునే చోట వెచ్చగానే ఉంటది గదా. పొద్దున్నే మళ్ళీ ట్యాంకులో పోద్దాం. చుక్క పోదు."

సాహితి ఫోను వైపు చూసింది. తల్లి వైపు చూసింది. "అమ్మా, ఇది ఫోనులో కూడా లేదు!"

"ఫోను ఏనాడన్నా బోరింగు కాడ కూర్చుందా?" అంది సుబ్బులు.

సోమవారం తెల్లవారుజామున మంచాల మీద దుప్పట్లు సర్దారు. బండి స్టార్టయింది. మగ్దలీనమ్మ, అబ్రహాము, పంచరు షాపువాడు వచ్చి నిలబడ్డారు. పెద్దారవీడు మీదుగా దోర్నాల చేరి ఎండ ఎక్కకముందే శ్రీశైలం ఘాటు దాటాలి.

"నాయనేడి?" అంది సాహితి.

మాల్యాద్రి ఇంట్లో నుంచి వచ్చాడు. భుజాన స్పానర్ల సంచి, చంకలో దుప్పటి. వెనక తలుపు తీసి బండి ఎక్కి మంచం మీద కూర్చున్నాడు.

"ఏమయ్యా, నువ్వెక్కడికి? కొళాయి వస్తే నీళ్ళు ఎవరు పడతారు?" సుబ్బులు వెనక్కి తిరిగి అరిచింది.

"రానీ. పోనీ." మాల్యాద్రి దుప్పటి విప్పి మోకాళ్ళ మీద కప్పుకున్నాడు. "ఆడి ప్లంబర్లు పైపులు ఎట్ల వేస్తారో నేను చూడాల."

సుబ్బులు నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సాహితి కళ్ళు మసకబారాయి. చేతి వెనకతో తుడుచుకొని, హారను గట్టిగా రెండుసార్లు మోగించి, గేరు వేసింది.