మాయ పట్టిన కడుపు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! మార్కాపురం శివార్లలో పాడుబడ్డ పలకల గని భగభగ మండుతోంది. మబ్బన్నది లేని ఆకాశంలో ఎక్కడో ఉరిమింది... గని అంచున రేకుల కొట్టంలో, ఒక కపాలం ముందు కూర్చుని ఉన్నాడు మాంత్రికుడు పిచ్చయ్య. నిరుడు నెలలు నిండక కడుపులోంచి జారిపోయిన గుర్రప్పిల్ల కపాలం అది!

పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పి బతికే నాగవేణి పగ్గం పట్టుకుని పక్కనే నిలబడింది. ఆమె ఆడగుర్రం చుక్కకు ఇది మూడో చూలు. మొదటి రెండూ ఎనిమిదో నెలలోనే పోయాయి. ఇప్పుడూ ఎనిమిదో నెలే... అప్పుడే పొదుగు నుంచి పాలు కారుతున్నాయి, వెనక చీము కారుతోంది. ఇదీ పోతే ఆమె తట్టుకోలేదు.

"దీని కడుపుకు మాయ పట్టింది. చెయ్యి పెట్టి పీకాల," అన్నాడు పిచ్చయ్య.

మూడు రోజుల కిందట పలక అంచుతో అరచెయ్యి కోసుకుని, చుక్కకు కారుతున్న చీమునే తన నెత్తుటిలో కలిపి క్షుద్రదేవతకు తర్పణం విడిచాడు ఈ ఘనుడు! ఆ చెయ్యి ఇప్పుడు భుజం దాకా ఉబ్బి నల్లబడింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. దేవత తనను ఆవహించిందని అతని మురిపెం.

నాగవేణి చాటుగా ఫోన్ చేస్తే వచ్చిన పశువుల డాక్టరు పద్మావతి, చుక్కను పరీక్షించి తలెత్తింది.

"మాయ పట్టిందంట డాక్టరమ్మా," గొణిగింది నాగవేణి.

"మాయే. కడుపులో పిల్లను చుట్టుకొని ఉంటదే, ఆ మాయ. దానికి క్రిములు పట్టి చీము చేరింది. లోపల ఎవరన్నా చెయ్యి పెట్టినారా?"

"చూలు కట్టినప్పుడల్లా పిచ్చయ్య మామ బూడిద మంత్రించి లోపల పూస్తాడు..."

పిచ్చయ్య ఉగ్రుడై లేచాడు. "నా శక్తికే అడ్డమొస్తివా? నెత్తురు కక్కుకొని చస్తావు!"

హతవిధీ! కంటికి కానరాని ఆ ప్రచండశక్తి అప్పటికే అతని నెత్తురంతా నిండిపోయింది... పళ్లు గిట్టకరిచి, గావుకేక పెట్టి, కపాలం మీదే బోర్లా పడ్డాడు. ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఏ మంత్రానికీ లొంగని శక్తి అది!

డాక్టరు పద్మావతి సూదిమందులు మానకుండా వేసింది. మూడు నెలలకు చుక్క ఈనింది. పిల్ల తడబడుతూ లేచి, తల్లి పొదుగు వెతుక్కుంది.

"ఆ బూడిద చేతి క్రిములే ఇంత చేసినాయి. ఇంక భయం లేదు, బతికినట్టే," అంది డాక్టరు.

నాగవేణి సంతోషించలేదు.

"అయితే మొదటి రెండూ బతికేవే కదా డాక్టరమ్మా," అంది. "తోక పక్కకు పట్టి, వాని చేతికి దారిచ్చింది నేనే."