లచ్చవ్వ శ్రవణాంకం

“కుండలో నీళ్లు చల్లగున్నయి,” అంది గాజుగోడ మీద వెలిగే అమ్మాయి బొమ్మ, ప్రతిముఖం.

“కుండల నీళ్లు సల్లగున్నయ్,” తడుముకోకుండా అప్పజెప్పింది లచ్చవ్వ.

శ్రవణాంకం ఎర్రగీత దాటింది. పక్కన కూర్చున్న పరీక్షకురాలు మెహరున్నీసా మనసు చివుక్కుమంది. గీత దాటిన వాళ్ల చెవిలో వినికిడినిచ్చే నాదబీజం నాటడానికి, పరీక్ష నడిపే యంత్రం నిర్ణేత ఒప్పుకోదు. ఒకసారి కాదన్నాక మళ్లీ పరీక్షించదు కూడా. మగ్గాల వాడ నుంచి వచ్చినవాళ్లంతా ఇలాగే గీత దాటి ఉత్త చేతులతో వెళ్లారు.

“అవ్వా, నీకు మంచిగనే వినవడుతుందంటున్నది ఇది.”

“ఎదురుంగుంటే అందరి మాట ఇంట బిడ్డా. మా ఆయన మంచంల వడ్డడు. లోపలి అర్రలకెల్లి పిలుస్తే అదొక్కటి ఇనవడది. మొన్న కిందవడి పొద్దుగూకెదాంక పిలిచిండట. నేను వాకిట్లనే ఉన్న.”

తర్వాత లచ్చవ్వ పెదవులు ఇంకేదో బతిమాలాయి. గొంతు మాత్రం లేదు. మరమగ్గాల మోతలో ఎవరూ అరవరు, మూతి కదిపితే చాలు. బతుకంతా అక్కడ గడిపిన అలవాటు అది.

మెహరున్నీసా ముందుకు వంగింది. తనూ గొంతు పెగల్చకుండా పెదవులు కదిపింది: పొద్దున ఏం తిన్నవ్?

“మక్క గట్క. నీకు తెత్తునా అంటే, పట్నపోళ్ల గొంతు దిగదాయె!”

మెహరున్నీసా ఆ ముసలి కళ్లకేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. చెవులు ఎప్పుడు మూతపడ్డాయో గాని, ఎవరూ నేర్పకుండానే ఆ కళ్లు వాటి పని ఎత్తుకున్నాయి. లచ్చవ్వ దాన్నే వినడం అనుకుంటోంది. నిర్ణేత కూడా అంతే.

పరీక్ష నడుస్తుండగా ప్రతిముఖాన్ని ఆర్పకూడదు. ఆర్పిన వాళ్లకు ఈ గదిలో మళ్లీ పని ఉండదు.

మెహరున్నీసా ఆర్పేసింది.

“వానొస్తే చేను తడుస్తది,” అంది నల్లబడిన గాజు. తర్వాత ఇంకో వాక్యం, మరొకటి. లచ్చవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది.

“ఎటువోయిందమ్మా ఆ పిల్ల? అలిగిందా?”

శ్రవణాంకం జారి జారి సున్నా దగ్గర నిలిచింది. ఎన్నడూ తడబడని నిర్ణేత పాత లెక్కలన్నీ తిరగేసింది. ఆ తర్వాత గాజుగోడ మీద ముఖాలు తేలసాగాయి. మగ్గాల వాడకు తిప్పి పంపిన ముఖాలు, ఒకదాని వెనక ఒకటి, గోడంతా నిండి పైకప్పు మీదికీ పాకాయి.

“వీళ్లూనా?” అడిగింది నిర్ణేత.

మెహరున్నీసా తలెత్తి చూసింది.

“వీళ్లూ,” అంది.