హాయిగా నిద్రపోయే వీధి

అద్దె ఇల్లు చూడబోయినవాళ్ళు కుళాయి తిప్పి చూస్తారు. చెమ్మ ఉందేమోనని గోడకి అరచెయ్యి ఆనిస్తారు. కాస్త గడుసువాళ్ళయితే పక్కింట్లో మంచినీళ్ళడిగి, ఆ వంకన ఇంటివాళ్ళ గుణగణాలు కూపీ లాగుతారు. మన కథలో ఆయన మాత్రం శబ్దం కొలిచే మీటరు పట్టుకుని వెళ్ళేవాడు.

ఆయన ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. మనుషుల మీద ఏదీ పడకుండా, మనుషులు దేంట్లోనూ పడకుండా చూడటం ఆయన ఉద్యోగం. తన పెళ్ళినాడు వేదిక మెట్లు కాలితో తొక్కి చూసి గానీ ఎక్కలేదని అత్తవారు ఆయనకి 'హెల్మెట్టు' అని పేరు పెట్టారు. భార్యని పుట్టింట్లో చిన్నీ అంటారు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేసింది. రోగుల పళ్ళకి అచ్చులు తీయడం, ఆ అచ్చుల్లో ప్లాస్టరు పోసి ఆరబెట్టడం ఆమె పని. అచ్చు చూసి అది ఏ వయసువాళ్ళ నోరో చెప్పేసేదట. మా ఊళ్ళో ఒక దర్జీ కూడా అంతే, చొక్కా చూసి మనిషి కోపిష్టో కాదో చెప్పేవాడు. అది వేరే సంగతి.

పాపకి నెల నిండీ నిండకుండానే ఆయనకి కొత్త ఊరు బదిలీ అయింది. ఫ్యాక్టరీ వాళ్ళు క్వార్టర్స్ ఇస్తామన్నారు గానీ, పొగ గొట్టాల పక్కనే సైరన్ కింద ఉన్న ఆ కొంపలోకి పసిగుడ్డుని తీసుకెళ్ళడానికి హెల్మెట్టు ససేమిరా అన్నాడు. ఇళ్ళ వేట మొదలైంది. ఒకచోట పార్కు బాగుంది, మురుగుకాలువకి మూత లేదు. ఇంకోచోట మూతలున్నాయి, కరెంటు తీగలు బాల్కనీలోకి తొంగిచూస్తున్నాయి. మూడోచోట అన్నీ బాగున్నాయిగానీ మీటరు చూసి పెదవి విరిచాడు.

"మీకు నచ్చే ఇల్లు కట్టాలంటే ముందు ఊళ్ళో జనాన్ని ఖాళీ చేయించాలండీ," అంది చిన్నీ.

అప్పుడు అక్క ఫోన్ చేసింది. చిన్నీకి ఒక్కగానొక్క అక్క. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఊళ్ళోనే ఉంటోంది. బావ సిటీ బస్సు నడుపుతాడు. "ఒసే, మా ఎదురిల్లు ఖాళీగా ఉందే. నేనుండగా నువ్వెక్కడో ఎందుకు? బాలింతవి, చేతికింద మనిషి ఉండాలి కదా," అంది.

ఆ మాటకి చిన్నీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల్లి పోయాక ఆమెకి జడ వేసినది, అన్నం కలిపి పెట్టినది ఆ అక్కే.

"మధ్యాహ్నం రండి," అంది అక్క. హెల్మెట్టు గొణిగాడు. శబ్దం రాత్రిపూట కూడా కొలవాలనేది ఆయన సిద్ధాంతం. "రాత్రి వద్దు మరిదిగారూ, మా వీధిలో అందరూ పెందలాడే పడుకుంటారు," అని నవ్వేసింది అక్క. సొంత వదినగారిని అనుమానించేటంత సేఫ్టీ ఆయన చదువుకోలేదు.

చిన్న వీధి. రెండు వైపులా పాతకాలపు ఇళ్ళు. మూతలున్న కాలువ, దీపాలన్నీ వెలిగే స్తంభాలు. మీటరు చూసి హెల్మెట్టు మొహం చింకి చాటంత అయింది. "ఆసుపత్రిలో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదోయ్!" ఆయన ఇంటింటికీ వెళ్ళి వాకబు చేశాడు. మూలనున్న దర్జీ, రిటైరైన పోస్టుమాస్టరు, పై వాటాలో ఉండే ఇంటావిడ... అందరిదీ ఒకటే మాట, ఇంత భద్రమైన వీధి ఊళ్ళో లేదని. అందరికీ కళ్ళకింద నల్లటి చారలు. ఏదో ఒకే కుటుంబం పోలికలాగా. దాన్ని ఎవరూ కొలవలేదు, దానికి మీటరు లేదు.

ఇంటావిడ చిన్నీని ఒక్కటే అడిగింది. "పాలు బాగా పడ్డాయా అమ్మాయ్?"

బాలింతని ముసలివాళ్ళు అడిగే మాటే కదా. చిన్నీ సిగ్గుపడి తలూపింది. ఇంటావిడ ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది.

ఇంట్లో దిగారు. ఆ వీధి చూపించిన ఆప్యాయత చెప్పనలవి కాదు. ఒకరు వేడివేడి పాలు తెచ్చేవారు, ఒకరు పళ్ళు తెచ్చేవారు. దర్జీ పాపకి అడక్కుండానే గౌనులు కుట్టి ఇచ్చాడు. "తల్లీ, కడుపునిండా తినాలి నువ్వు," అనేవారు అందరూ. పడకగదిలో కిటికీ పక్కన పాత చెక్క కుర్చీ ఒకటి ఉండేది. పొట్టి కాళ్ళు, చేతులు లేవు, కూర్చునేచోట గుంట పడి నునుపు తేలింది. ఎంతమంది ఎన్నేళ్ళు కూర్చుంటే అంత నునుపు తేలుతుందో. "పాలివ్వడానికి బాగుంటుంది, కదపకండి," అంది ఇంటావిడ.

వారం తిరిగేసరికి ఆ వీధివాళ్ళ కళ్ళకింద నలుపు పోయింది. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే దర్జీ మిషను మీదే తల వాల్చి నిద్రపోతూ ఉండేవాడు. పోస్టుమాస్టరు వరండాలో నోరు తెరుచుకుని గురక. నిద్రకి మొహం వాచిపోయినవాళ్ళలాగా పడుకునేవాళ్ళు. హెల్మెట్టు కూడా మంచం ఎక్కితే మొద్దే.

చిన్నీ మాత్రం చిక్కిపోతోంది. పాప అంతకంటే.

పాలకేం లోటు లేదు. రొమ్ములు బరువెక్కి సలపరించేవి. తీరా పాపని ఒళ్ళోకి తీసుకునేసరికి ఖాళీ. పాప రెండు గుటకలు వేసి, ఏమీ రాక, గుక్కపట్టి ఏడ్చేది. ఆసుపత్రిలో తూకం వేసిన నర్సు పాపని ఇంకోసారి తూచింది. "పుట్టినప్పటికంటే తగ్గిందేంటమ్మా? ఇలాగైతే చేర్చుకోవాల్సి వస్తుంది," అంది.

ఆ రోజే స్నానం చేస్తూ చిన్నీ ఆ గాట్లు చూసింది. రొమ్ము మీద, ఎర్రగా. పైన రెండు, కింద రెండు. మధ్యలో సన్నటి సందు. ఇలాంటి అచ్చులు ఆమె ఎన్ని చూసిందో. ఏడాది పిల్లల పాలపళ్ళు. పరుగున వచ్చి పాప నోట్లో వేలు పెట్టి చూసింది. చిగుళ్ళు వెన్నలాగా నున్నగా ఉన్నాయి.

అక్కకి చూపించింది. అక్క అటువైపు చూడకుండానే, "నీ గోళ్ళే గీసుకునుంటాయి. పిచ్చి ఆలోచనలు మాని పడుకో. పాపని నేను కాసేపు ఎత్తుకుంటా," అంది.

మర్నాడు పొద్దున్నుంచీ ముసురు. హెల్మెట్టు డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నానికి మబ్బు ఇంకా కమ్మేసి, కరెంటు పోయి, గది సాయంత్రంలాగా అయింది. చూరు నీళ్ళు ఒకే పాటగా కారుతున్నాయి. తడిసిన సున్నం వాసన. దానికింద ఇంకేదో పులిసిన వాసన... చంటిపిల్ల కక్కిన గుడ్డని ఉతక్కుండా మడిచిపెడితే వస్తుందే, అది. చిన్నీ ఆ పొట్టి కుర్చీలో కూర్చుని, పాపని ఒళ్ళో వేసుకుని, గోడకి తల ఆనించింది. ఎప్పుడు కన్నంటుకుందో తెలీదు.

మెలకువ వచ్చేసరికి పాప పాలు తాగుతోంది. ఒళ్ళో వెచ్చటి బరువు. గుటక... గుటక... చప్పుడు. ఇన్నాళ్ళకి కడుపునిండా తాగుతోంది నా తల్లి అనుకుంది. కళ్ళు తెరవబుద్ధి కాలేదు. చేత్తో తల నిమిరింది. జుట్టు ఒత్తుగా, తడిగా వేళ్ళకి చుట్టుకుంది.

పాపకి జుట్టు లేదు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాకిట్లో అడుగుల చప్పుడు. తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. గుమ్మంలో అక్క. అక్క చేతుల్లో... దుప్పట్లో చుట్టి... పాప. ఆకలికి తన పిడికిలి తానే చప్పరించుకుంటోంది. నిద్రలో ఉండగా అక్క ఎత్తుకుపోయిందన్నమాట.

మరి ఒళ్ళో ఉన్నది...

గుటక... గుటక...

చిన్నీకి కిందికి చూడటానికి ధైర్యం చాల్లేదు. అక్క మొహంలోకే చూసింది, అక్క కెవ్వున అరుస్తుందని, పరిగెత్తుకొస్తుందని.

అక్క అరవలేదు. ఉలిక్కిపడనైనా లేదు. గుమ్మం దాటకుండా నిలబడి, ఎవరో నిద్ర లేస్తారేమోనన్నట్టు గుసగుసగా అంది.

"కదలకు."

"అక్కా..."

"కదలకే. అయిపోవచ్చింది. తాగి అదే వెళ్ళిపోతుంది."

బరువు ఒళ్ళోంచి జారింది. నేలమీద తడి అరిచేతులు ఆనించిన చప్పుడు... చప్... చప్... మంచం కిందికి పోయి ఆగింది. తర్వాత వాన చప్పుడే.

అప్పుడు లేచింది చిన్నీ. అక్క చేతుల్లోంచి పాపని లాక్కుంది. "నీకు తెలుసు," అంది.

"చిన్నీ, విను..."

"నీకు తెలిసే నన్ను తీసుకొచ్చావు!"

అక్క గడప మీద కూలబడింది. "రాత్రంతా ఏడుస్తుందే అది. వీధంతా వినిపిస్తుంది. చెవుల్లో దూది పెట్టుకున్నా లోపల్నుంచి వినిపిస్తుంది. ఎవరి బిడ్డో తెలీదు, మేం వచ్చేసరికే ఉంది. ఈ ఇంట్లో ఇదివరకు ఉన్నావిడ పాలిచ్చినన్నాళ్ళూ అది నోరు మూసుకుంది. ఆవిడకి పాలు ఆగిపోయాక మళ్ళీ మొదలు. ఏడాదిపాటు నిద్ర లేదు. మీ బావకి స్టీరింగు మీద కన్ను మూతపడిందే! బస్సు నిండా జనం. డివైడరెక్కి ఆగింది కాబట్టి బతికారు. నన్నేం చెయ్యమంటావు?"

"ఊళ్ళో వేరే ఇల్లే లేదా నీకు?"

"మేం పోతే మాతోపాటు వస్తే?" అక్క ముక్కు చీదింది. "నీకు పురుడొచ్చిందని తెలిసి వీధంతా నా కాళ్ళమీద పడింది. నీ పిల్లని అది ముట్టుకోదే. ఒట్టు. పాలే దానికి కావాల్సింది. నువ్వు పాపకి డబ్బాపాలు పట్టు. డబ్బాపాలతో పెరిగినవాళ్ళు లేరా?"

తనకి చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టిన మనిషి, ఇప్పుడు తననే విస్తట్లో వడ్డించి నిలబడింది. చిన్నీ తర్వాత భర్తకి అన్నీ చెప్పింది. ఆ గుటకల చప్పుడు చెప్పింది, వాసన చెప్పింది. "కదలకు" అన్న మాట దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఏడుపొచ్చి చెప్పలేకపోయేది.

ఆ వానలోనే, ఒంటిమీద చీరతో, పాపని కొంగులో చుట్టుకుని వీధిలోకి వచ్చింది. అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఎవరూ అడ్డురాలేదు. ఎవరూ కళ్ళెత్తి చూడలేదు. దర్జీ ఒక్కడే, చేతిలో సగం కుట్టిన గౌనుతో, వినీ వినపడకుండా అన్నాడు. "ఇంకొన్నాళ్ళు ఉంటే బాగుండేది తల్లీ..."

చివరికి ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోనే దిగారు. పొగ, సైరన్, రాత్రింబగళ్ళు యంత్రాల మోత. హెల్మెట్టు మీటరుని బీరువా పైకి విసిరేశాడు. భయానికో ఏమో చిన్నీకి పాలు ఇంకిపోయాయి. పాపకి సీసాపాలు అలవాటయ్యాయి. బుగ్గలు వచ్చాయి. తూకం చూసి నర్సు నవ్వింది. సైరన్ మోగినప్పుడల్లా పాప ఉలిక్కిపడి ఏడ్చేది, ఆ ఏడుపు వింటే చిన్నీకి ప్రాణం లేచొచ్చేది.

అక్క ఫోన్ చేస్తూనే ఉంది. చిన్నీ ఎత్తేది కాదు. ఒకరోజు సాయంత్రం, పాప నిద్రపోయాక, ఏమనిపించిందో ఎత్తింది. ఎత్తి ఒకటే అడిగింది. కొంచెం కసిగానే అడిగింది.

"ఏడుస్తోందా?"

"లేదే!" అక్క గొంతు ఎంత తేటగా ఉందో. "నువ్వు వెళ్ళిన రోజునుంచీ చప్పుడే లేదు. అందరం హాయిగా నిద్రపోతున్నాం. నీ మేలు ఈ జన్మలో మర్చిపోం చిన్నీ."

ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. పక్కింట్లో ఎవరో స్నానానికి నీళ్ళు తోడుకుంటున్నారు. బయట షిఫ్టు మారుతోంది. ఉయ్యాల్లో పాప, ఇందాక పడుకోబెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే, పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది.

పాప లేచాక పట్టాలని నింపి బల్లమీద పెట్టిన సీసా ఖాళీగా ఉంది.

చిన్నీ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూసింది. రబ్బరు పీక మీద గాట్లు. పైన రెండు, కింద రెండు, మధ్యలో సన్నటి సందు. ఆ పైవాటి పక్కన, ఆ వీధిలో ఉన్నప్పుడు లేనిది... అప్పుడే మొలుస్తున్న ఇంకో పన్ను.