సిగ్నల్ లేని డెబ్బై కిలోమీటర్లు

సస్కాచువాన్‌లో ఒక హైవే మీద డెబ్బై కిలోమీటర్ల ముక్కకి మంచి పేరు లేదు. మలుపు లేదు, మిట్ట లేదు, కళ్ళకి ఆనడానికి చెట్టయినా లేదు. అటూ ఇటూ కోసేసిన గోధుమ చేలు... అంతే. అయినా ఏడాదికి ఒకటో రెండో కార్లు రోడ్డు దిగి చేలల్లో బోల్తా కొడతాయి. బ్రేకు వేసిన గుర్తు మాత్రం ఉండదు. నిద్రపోయి ఉంటారంటారు పోలీసులు. అయ్యుండొచ్చు, నేను కాదనను.

శ్రీహర్షకి ఈ సంగతి తెలీదు. తెలిసినా ఆగే రకం కాదు. సోమవారం కాల్గరీలో కొత్త ఉద్యోగంలో చేరాలని మిల్టన్ నుంచి మూడు రోజులుగా కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో, సామాన్ల మధ్య, వాళ్ళమ్మ సరోజన దుప్పటి కప్పుకుని పడుకుంది. భార్య మృదుల నోటీస్ పీరియడ్ అయ్యేదాకా మిల్టన్‌లోనే ఉండాలి.

రాత్రి ఒంటిగంట దాటింది. తిన్నటి రోడ్డుతో గొడవేమిటంటే, చేతులకి పనుండదు. తెల్లగీతలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి... కళ్ళు వాలిపోతాయి. అందుకే మృదుల ఫోన్‌లో కబుర్లు చెబుతోంది. అమ్మ లేవకుండా స్పీకర్ సౌండు తగ్గించి వింటున్నాడు. గ్రైండరు పంపించాలా, ఎవరికైనా ఇచ్చేయాలా అని రెండు గంటలుగా వాదన. పాపం తనకీ నిద్రొస్తోంది, అయినా వదల్లేదు.

ఒకచోట మాట తెగినట్టయి... మళ్ళీ సర్దుకుంది.

ఆ తరవాత గ్రైండరు ఊసే రాలేదు. మృదుల మెల్లగా, జోకొడుతున్నట్టు మాట్లాడసాగింది.

"బాగా అలిసిపోయావు హర్షా..."

అవునన్నాడు.

"రోడ్డు తిన్నగానే ఉందిగా. ఒక్క నిమిషం కళ్ళు మూసుకో... నేనున్నాగా."

మూడు రోజుల్లో అంత చల్లని మాట ఎవరూ అనలేదు. మూసుకున్నాడు కూడా.

టైర్లు పక్కనున్న కంకర మీదికెక్కి బరబరమన్నాయి. ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పాడు. వెనక అమ్మ ఉంది... తను కునికితే ఆవిడ ప్రాణం కూడా పోతుంది. చెంప మీద ఛెళ్ళున కొట్టుకున్నాడు.

"ఏం కాదు... మూసుకో."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. డాష్‌బోర్డు తెర మీద పేరు — మృదుల.

స్పీకర్లో మాట ఆగిపోయింది. ఆగి, చెవి పక్కనే అన్నట్టు —

"అది ఎత్తకు."

ఎలా నొక్కాడో, నొక్కాడు. అవతల మృదుల ఏడుస్తోంది. లైను కట్టయి నలభై నిమిషాలైందట. అప్పట్నుంచీ చేస్తూనే ఉందట, ఒక్క కాలూ కలవలేదట.

ముందొచ్చిన గ్యాస్ స్టేషన్లో, పెట్రోలు పంపుల దగ్గర లైట్ల కింద కారు ఆపేసి తెల్లారేదాకా కదల్లేదు. తెల్లారాక కాఫీ తాగుతూ తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. నలభై నిమిషాలూ కునుకుతూ నడిపాడు, కలగన్నాడు, అంతే. మృదులకీ ఫోన్ చేసి అదే చెప్పాడు. చెప్పాక మనసు కాస్త తేలికపడింది.

సరోజన లేచి, మొహం కడుక్కుని వచ్చి, టీ కప్పు పట్టుకుని ముభావంగా కూర్చుంది. ఏమైందమ్మా అంటే కప్పులోకే చూస్తూ టీ ఊదుకుంది. కోడలి మీద కొడుక్కి చెప్పే అలవాటు ఆవిడకి లేదు. చివరికి ఉండబట్టలేక, గొంతు తగ్గించి అంది.

"ఏమనుకోకు నాన్నా... మగతలో ఉన్నాను గాని అంతా వినబడింది. బండి నడిపేవాణ్ణి పట్టుకుని కళ్ళు మూసుకోమంటుందేమిట్రా మీ ఆవిడ?"