తలుపుల్లేని ఊరు

గండికోట రిజర్వాయర్ నీళ్లకింద మునిగిన ఊర్లలో ఒకటి, కొండాపురం దాటినాక, ఎండాకాలంలో పైకి తేలుతుంది. నీళ్లు వెనక్కిపోయినప్పుడు మొండిగోడలు బయటపడతాయి. పగలు అక్కడ గొర్రెలు మేపేవాళ్లు పొద్దు వాలకముందే మందను మళ్లించుకొని వచ్చేస్తారు. ఎందుకని అడిగితే ఒకటే మాట — "ఆడ తలుపుల్లేవు."

నిజమే. ఊరు ఖాళీ చేసినప్పుడు జనం మొదట పీకింది తలుపులనే. ద్వారబంధాలతో సహా ట్రాక్టర్లకెత్తి, పునరావాస కాలనీలో కొత్త ఇండ్లకు బిగించుకున్నారు. తిరుపాలమ్మ అనే ముసలామె కొడుకులూ అదే పని చేసినారు. తలుపు ఒకరోజు ముందు పోయింది, ఆమె మర్నాడు కాలనీకి పోయింది. మధ్యలో ఒక్క రాత్రి, తలుపు లేని ఇంట్లో పడుకునింది. పడుకునింది అనకూడదు... తెల్లవార్లూ లేచి లేచి వాకిలి చూసుకునింది.

కాలనీకి వచ్చినాక నెల కూడా బతకలేదు. ఆ నెలంతా అర్ధరాత్రి కోడళ్లను లేపి అడిగేదంట.

"తలుపేసినారా?"

ఇప్పుడు ఆ మొండిగోడల మధ్య అడుగుతా తిరుగుతాదంట.

నేను అక్కడికి ఎప్పుడూ పోలేదు. విన్నది చెప్తున్నాను, అంతే.

పోయిన ఎండాకాలం ముగ్గురు ఆడపిల్లలు ఆ ఊర్లో ఒక రాత్రి ఉన్నారు. ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లలు. సుధది ఆ మునిగిన ఊరే. తను పుట్టిన ఇల్లు బయటపడిందని ఎవరో ఫోటో పంపితే, చూడాలని పట్టుబట్టింది. రిహానాకు వద్దన్న పనే ముద్దు. మూడో పిల్ల లహరి. తండ్రి లేడు. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో వంటచేసి ఆ పిల్లను చదివిస్తుంది.

సుధ వాళ్లింటికి పోతున్నామని వార్డెన్‌తో చెప్పినారు. అది పూర్తిగా అబద్ధం కాదు కదా అని నవ్వుకున్నారు. జమ్మలమడుగులో, గండికోట చూడ్డానికి వచ్చేవాళ్లకు టెంట్లు బాడుగకిచ్చే అంగట్లో ఒక టెంటు తీసుకున్నారు. బస్సు, ఆటో, తర్వాత నాలుగు మైళ్ల నడక. పొద్దుగూకేటప్పటికి సుధ ఇల్లు దొరికింది. మోకాటెత్తు గోడలు, మధ్యలో ఎండి బీటలిచ్చిన ఒండ్రుమట్టి.

"మా నట్టిల్లు ఇదేమే," అని సుధ అక్కడే టెంటు వేయించింది. "పక్కిల్లు తిరుపాలమ్మవ్వది."

"అయితే ఉప్పు అయిపోతే అడగొచ్చు," అన్నది రిహానా.

ఎనిమిదికి లహరి ఫోన్ మోగింది. రోజూ ఆ వేళకు తల్లి చేస్తుంది. లహరి ఇద్దరినీ నోర్లు మూసుకోమని సైగచేసింది. "హాస్టల్లోనే ఉండా మా. తిన్యా. చదువుకుంటాండా... సరేలే మా, పెట్టేస్తాండా." ఫోన్‌ను పవర్‌బ్యాంకుకు తగిలించి, సంచిలో బట్టల కింద తోసింది.

"ఎంత బాగా చెప్తావే అబద్ధం!" అన్నది రిహానా. "నాకు నేర్పీవే. మా అబ్బాకు తెలిసిందంటే దెయ్యం వచ్చేలోపలే నన్ను పూడ్చిపెడతాడు."

ముగ్గురూ పడిపడి నవ్వినారు. మూడు రాళ్లు పెట్టి నూడుల్స్ వండుకున్నారు. పన్నెండు దాకా ముచ్చట్లు చెప్పుకొని, నడిచిన అలుపుకు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయినారు.

రాత్రి రెండు దాటింది.

మొదట సుధకు మెలకువ వచ్చింది. ఎవరో మూలిగినట్టు... టెంటు లోపలే. తలల దగ్గరే. పెద్ద వయసు ఆడమనిషి, ఒళ్లు నొప్పులతో పక్కకు తిరిగినట్టు.

"లహరీ..." అని గిల్లింది. "ఎవరో ఉండారే."

"గాలి. పండుకో."

అది గాలి కాదు. లహరికీ వినపడింది. రిహానాకూ వినపడింది. నీళ్లడుగు నుంచి వచ్చినట్టు బరువుగా, నిద్రతో ముద్దగా ఒక గొంతు —

"తలుపే...సినావా?"

ముగ్గురూ ఊపిరి బిగబట్టినారు.

"తలుపేసినావా... గడియ పెట్టినావా తల్లీ..."

రిహానా నోరు మెదపలేదు. ఆ పిల్ల నోరు మెదపకపోవడమే మిగతా ఇద్దరినీ ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు టెంటు బయట, వాకిలి ఉండాల్సిన చోట, ఇంకో గొంతు. ముసలిది. నెమ్మదైనది.

"ఏసినాలే తల్లీ... పండుకో."

ఇంక ఆగలేదు. టెంటు గుడ్డ చించుకున్నట్టు బయటపడి పరుగెత్తినారు. టార్చి లేదు, చెప్పుల్లేవు, చందమామ లేడు. రోడ్డు ఎటో, నీళ్లు ఎటో తెలీలేదు. పది అడుగులకు కాలికింద మట్టి మెత్తబడింది. ఇంకో పదడుగులకు సుధ మోకాళ్ల దాకా దిగిపోయి కేక పెట్టింది. నీళ్లవైపే పరుగెత్తినారు!

వెనక టెంటులోనుంచి ఆడగొంతు గట్టిగా అరిచింది. "లహరీ! పోవద్దు! ఆగు!"

పేరు పెట్టి పిలిచింది. అంతే, లహరి ఇంకా ముందుకు దూకింది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఇంతసేపూ ఎవరి పిల్లలదో కథలాగా చెప్పినాను. సిగ్గేసి అట్లా చెప్పినాను.

ఆ అరిచిన గొంతు నాది. లహరి నా కూతురు.

ఎనిమిదికి పెట్టేస్తున్నానని చెప్పి, ఎర్ర గుర్తు నొక్కబోయి స్పీకర్ గుర్తు నొక్కి, ఫోన్ సంచిలో తోసింది. నాకు గాలి వినపడింది. దెయ్యం గురించి పిల్లల మాటలు వినపడినాయి. అది హాస్టల్ కాదని తెలిసిపోయింది. పిలిచి తిట్టాలని నోరు తెరిచినాను. అప్పుడే అది నవ్వింది. నాతో మాట్లాడేటప్పుడు నా కూతురు అట్లా నవ్వి రెండేండ్లయింది. దొంగతనంగా వినడం తప్పే. అయినా కాల్ ఆపలేకపోయినాను. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకొని, పనిచేసే ఇంట్లో రాత్రి వంట చేసినాను, గిన్నెలు తోమినాను. వాళ్ల నవ్వుల్లో నా చప్పుడు కలిసిపోయింది. అక్కడ ఒంటిగంటకు నాకిక్కడ పదిన్నర. ఫోన్ దిండు మీద పెట్టి, తెల్లవారేదాకా మేలుకోవాలనుకొనే నిద్రపోయినాను. కువైట్‌కు వచ్చిన ఏడేండ్లుగా రోజూ రాత్రి లహరిని అడిగే మాటే, తలుపేసినావా అని, నిద్రలోనూ అడిగినట్టున్నాను.

కేకకు మెలకువ వచ్చి అరిస్తే, నా అరుపే నా బిడ్డను నీళ్లల్లోకి తరుముతోంది. పిలిచేకొద్దీ దూరం పోతోంది. బురదలో కాళ్లు పీకిన చప్పుడు వినపడుతోంది.

నోరు మూసుకున్నాను. కాల్ కట్ చేసినాను. ఆ క్షణం నుంచి నాకేమీ వినపడలేదు. వెంటనే మళ్లీ చేసినాను. రింగు... రింగు... ఆగిపోయింది. మళ్లీ చేసినాను. వెనకనుంచి తెలిసిన పాట మోగితే, టెంటు ఎటుందో తెలుస్తుంది. ఆ ఒక్క ఆశ.

నాలుగోసారికి ఎత్తింది. రొప్పుతోంది.

"అమ్మా..."

"ఏంది తల్లీ, నిద్ర లేపినానా? ఊరికే... కల వచ్చింది, చేసినా. అందరూ బాగుండారా?"

"బాగుండాం మా. సుధా, రిహానా కూడా... ఈడే ఉండారు."

"తలుపు గడియ పెట్టినావా?"

ఏడుపు మింగిన చప్పుడు వినపడింది.

"పెట్టినా మా. నువ్వు పండుకో."

నాకు తెలుసని లహరికి ఈరోజుకూ తెలీదు. వారం తర్వాత తనే, "మా కాలేజీ పిల్లలకంట మా, ఇట్లా జరిగింది" అని మొత్తం చెప్పింది. కొత్తగా విన్నట్టే విన్నాను. నేను నిద్రలో ఉండగా జరిగింది అట్లనే తెలిసింది.

"రెండో గొంతు సంగతేంది?" అని అడిగినాను. "పిల్లల్లోనే ఎవరో అని ఉంటారు."

"ఒట్టు మా. ఎవరూ అనలేదు. బయటనుంచి వచ్చింది."

వాళ్లు టెంటులో ఉన్న ఆ రాత్రి, నా కలలో ఎవరో ముసలామె చేత్తో నా తల నిమిరి, "ఏసినాలే తల్లీ... పండుకో" అని చెప్పింది. ఏడేండ్లలో మొదటిసారి, ఆ మాట నమ్మి, సుధ కేక వినపడేదాకా గాఢంగా నిద్రపోయినాను.